చేన్లో తెగులు గుర్తుపట్టడం, 3వ పాఠం: వైరస్సా, బ్యాక్టీరియానా?

పోయిన పాఠంలో బూజు తెగుళ్లు అయిపోయినాయి గదా, ఆకు వెనకాల తెల్లగా కనపడతాది కాబట్టి అది సులువే. అసలు తలనొప్పి ఈ రెండింటితోనే, కంటికి రెండూ కనపడవు, కొన్ని మందులంగళ్లలో రెండింటికీ ఒకటే యాంటీబయాటిక్ పౌడర్ చేతిలో పెడతారు. ఒక ఏడు శెనక్కాయ మొవ్వు ఎండుతుంటే నేనూ రెండు సార్లు కొట్టినా, దుడ్లు పోయినాయి గానీ ఒక్క చెట్టూ తేరుకోలా.

ఆ పౌడర్ బ్యాక్టీరియాకే గానీ వైరస్‌కి పనిచేయదు. ఎందుకంటే బ్యాక్టీరియా పూర్తి జీవకణం, దాని తిండి అది తింటాది, ఒకటి రెండుగా చీలి పెరుగుతాది, మందు పోయి దాని కణంగోడనో లోపల ప్రొటీన్ తయారయ్యే చోటునో కొడతాది. వైరస్‌కి ఇవేవీ లేవు. కాస్త జన్యు పదార్థం, చుట్టూ ప్రొటీన్ తొడుగు, అంతే. బయట ఉన్నన్నాళ్లు తినేది లేదు పెరిగేది లేదు, మొక్క కణంలోకి దూరినాక ఆ కణంతోనే తన నకళ్లు చేయించుకుంటాది, ఇంక మందు దేన్ని కొట్టాల చెప్పండి? సైజు కూడా చూడండి, పొగాకు మొజాయిక్ వైరస్ 300 నానోమీటర్ల పొడుగు, 18 వెడల్పు, బ్యాక్టీరియా మామూలుగా వెయ్యి పైనే. 1892లో రష్యా శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ జబ్బు పొగాకు రసాన్ని బ్యాక్టీరియా దూరలేని ఫిల్టర్‌లో వడగట్టినా ఆ రసం మళ్లీ జబ్బు తెప్పించింది, అట్లా బ్యాక్టీరియా కంటే చిన్నది ఇంకేదో ఉందని అనుమానం మొదలైంది.

ఇప్పుడు ప్రాక్టికల్. టమోటా చెట్టు పచ్చగా ఉండంగానే వాడిపోతే పీకి, మొదలు దగ్గర కాండం జానెడు కోసి, గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొన నీళ్లలో మునిగేట్టు కదలకుండా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో పాల మాదిరి తెల్లటి దారాలు కిందికి జారితే బ్యాక్టీరియా ఎండుతెగులు. జారకపోతే వైరస్ అని ఎగరొద్దండప్పా, ఫంగస్ వల్ల వాడినా దారాలు రావు. వైరస్‌కి ఆకు చూడాల: పచ్చా పసుపు మచ్చలు, ముడత, చెట్టు గిడసబారడం.

2000 ఖరీఫ్‌లో మన అనంతపురం జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్ల శెనక్కాయను కాండం కుళ్లు వైరస్ పట్టింది. అది పొగాకు స్ట్రీక్ వైరస్, వయ్యారిభామ పుప్పొడిలో ఉంటాది, తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి ఆకు గీరిన చోట అంటిస్తాయి. అందుకే గట్ల మీద వయ్యారిభామ పూతకు రాకముందే పీకేయమనేది, చేను చుట్టూ జొన్న సాళ్లు వేయమనేది.

వచ్చే పాఠానికి గజ్జి పట్టిన నిమ్మాకు ఒకటి, ముడత పడిన మిరపాకు ఒకటి తెచ్చి పెట్టుకోండి, భూతద్దం ఉంటే అదీ.