బాస్ చేప పడ్డాక లైన్ తెగిపోతోందా? తెగిన కొస పారేయకండి, అక్కడే ఉంది జవాబు

డాలస్‌లో కాస్త ఎండ తగ్గితే చాలు, మనవాళ్ళు రాడ్లు కార్లో పడేసి లూయిస్‌విల్ లేక్‌కో రే రాబర్ట్స్‌కో వెళ్తారు, సాయంత్రానికి నాకు ఫోన్, "అన్నా పెద్ద బాస్ పడింది, లైన్ తెగిపోయింది, ఇంకా లావు లైన్ వేయాలా?" అని. తెగిన కొస ఎలా ఉంది తమ్ముడూ అంటే సమాధానం ఉండదు, ఎవరూ చూడరు, కోపంతో కత్తిరించి కొత్త హుక్ కట్టేస్తారు.

లైన్ పదే పదే తెగుతోంది

కొస స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటే లైన్ తెగలేదు, ముడి జారి ఊడిపోయింది. నాకిది తెలియక ఒక మార్చి నెలంతా డ్యామ్ రాళ్ళ దగ్గర చేపలు పోగొట్టుకున్నా, 10 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో మునిగే ప్లాస్టిక్ లైన్) తీసి 17 పౌండ్లది వేశా, ఇంకా ఎక్కువ పోయాయి, ఎందుకంటే లావు లైన్ గట్టిగా ఉంటుంది కదా, ముడి సరిగ్గా బిగుసుకోదు. ఇప్పుడు లైన్ మడిచి హుక్ కంట్లో దూర్చి కట్టే పాలోమార్ ముడి వేసి, బిగించే ముందు ఉమ్మితో తడిపి, మెల్లగా లాగుతా, పొడిగా లాగితే ఆ రాపిడి వేడికే ఫ్లోరోకార్బన్ అక్కడ దెబ్బతింటుంది. కొస మూడు మిల్లీమీటర్లు వదిలి కత్తిరిస్తా.

కొస గరుకుగా, తెల్లగా పాలిపోయి ఉంటే రాళ్ళకో నీళ్ళలో మునిగిన చెట్టు మోళ్ళకో ఒరుసుకున్నట్టు. ఇక్కడ ఇంకో శత్రువు జీబ్రా మసెల్, గోరంత గవ్వ, అంచు బ్లేడే, రే రాబర్ట్స్‌లో 2012లో, లూయిస్‌విల్‌లో 2013లో బయటపడింది, ఇప్పుడు రాయి కనపడితే దాని మీద ఇదే అతుక్కుని ఉంటుంది. ఇలాంటి చోట పోగులు అల్లి చేసే బ్రెయిడ్‌ని నేరుగా హుక్‌కి కట్టకండి, ఎంత బలమున్నా దాని సన్నటి పోగులు ఆ అంచుకి ఒక్కొక్కటే తెగిపోతాయి. 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (హుక్ ముందు కట్టే ముక్క) రెండు మూడు అడుగులు వేయండి, ప్రతి చేప తర్వాతా చివరి అడుగుని పెదాల మధ్య పెట్టి లాగి చూడండి (నవ్వొచ్చినా సరే, వేలికి తెలియని గీత పెదవికి తెలుస్తుంది), గరుకు తగిలితే ఆ అడుగు కోసేసి మళ్ళీ కట్టండి.

కొస కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే గవ్వ అయినా అయ్యుండాలి, గార్ చేప పళ్ళయినా అయ్యుండాలి. బాస్ నోరు గరుకు కాగితంలా ఉంటుంది కానీ లైన్ కోసే పళ్ళు ఉండవు, దాని మీద నింద వేయకండి. అన్నిసార్లూ ముడికి చాలా పైన తెగుతుంటే మాత్రం రాడ్ రింగుల్లోంచి చెవిలో పెట్టుకునే దూది పుల్ల తిప్పండి, దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ రింగు పగిలింది.

కొరికింది తెలుస్తోంది, లాగితే హుక్ దిగట్లేదు

దూరంగా విసిరిన, హుక్ కొసని రబ్బరు ఎరలో దాచే టెక్సాస్ రిగ్‌కి నైలాన్ మోనో (ఒంటి పోగు లైన్) వాడితే ఇంతే, మీరు లాగిన లాగుడు సగం లైన్ సాగడానికే పోతుంది. బెయిట్‌కాస్టర్ రీల్ అయితే 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్, స్పిన్నింగ్ రీల్ మీద, హుక్ కింద బరువు వేలాడే డ్రాప్ షాట్‌కైతే 10 లేదా 15 పౌండ్ల బ్రెయిడ్, ముందు 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్. క్రాంక్‌బెయిట్‌కి (లాగుతుంటే ఊగే గట్టి ఎర) కథ తిరగబడుతుంది, మూడు ముళ్ళ హుక్కులు చిన్నవి, సాగని బ్రెయిడ్‌తో లాగితే నోరు చీరుకుని ఊడొస్తాయి, అక్కడ కాస్త సాగే మోనోనే మంచిది.

నీటి మీద ఆడాల్సిన ఎర ముక్కు కిందికి దిగిపోతోంది

లీడర్ ఫ్లోరోకార్బన్ కట్టారు. అది నీటికంటే బాగా బరువు, సాంద్రత దాదాపు 1.78, నైలాన్ 1.14, బ్రెయిడ్ 0.97 కాబట్టి తేలుతుంది. నీటి మీద చప్పుడు చేసే ఎర పాపర్‌కి మోనో లీడర్ వేయండి. నాచులో కప్ప ఎరకి అసలు లీడరే వద్దు, 50 పౌండ్ల బ్రెయిడ్ నేరుగా కట్టేయండి, మన చెరువుల్లో కొర్రమీనుకి రబ్బరు కప్ప ఆడించినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

"ఫ్లోరోకార్బన్ నీళ్ళలో కనపడదు" అని రేటు ఎక్కువైనా కొంటారు, నైలాన్ కంటే తక్కువ కనపడే మాట కొంత నిజమే, కానీ వాన పడ్డాక ఇక్కడి లేకుల్లో నీళ్ళు టీ రంగు, ఆ నీళ్ళలో ఏ లైన్ కనపడుతుంది చెప్పండి, నేను కొనేది అది మునుగుతుందని, రాపిడి తట్టుకుంటుందని. డబ్బా మీద "ఫ్లోరోకార్బన్ కోటెడ్" అని ఉంటే లోపలిది మామూలు నైలానే, పైన పూత.

డ్రాగ్ బిగించినా రీల్ జారుతోంది

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగితే లైన్ వదిలే రీల్ బిగింపు, అది పాడవలేదు, బ్రెయిడ్ చుట్ట మొత్తం స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టే ఉండ) మీద జారి తిరిగిపోతోంది. కింద పది గజాలు మోనో చుట్టి దాని మీద బ్రెయిడ్ వేయండి, లేదా ఒక టేప్ ముక్క.

విసిరేటప్పుడు ముడి రింగులకి టక్కుమని తగులుతోంది

బ్రెయిడ్‌కి లీడర్ కలిపే డబుల్ యూని ముడి లావు. లీడర్ పొట్టిగా పెట్టి ముడి రాడ్ కొస బయటే ఉండేలా చూసుకోండి, పొడుగు లీడరే కావాలంటే సన్నగా ఉండే ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి, నాకు రెండు వారాలు పట్టింది, మా ఆవిడ ఊలు అల్లుతున్నావా అని అడిగింది.

మోనో రాడ్‌ని వేసవంతా కారు డిక్కీలో ఉంచితే ఏ ముడీ కాపాడదు, సీజన్‌కోసారి మార్చేయండి. బ్రెయిడ్ రంగు పోతే కొనకండి, తిరగేసి చుట్టండి, అడుగున ఉన్నది కొత్తదే.