ట్యాంకు నిండకుండానే నాజిల్ ఆగిపోతుంటే (డీజిల్ జీపు) – నా అనుభవం

బంకులో నాజిల్ టక్కున ఆగిపోతుంది, ట్యాంకులో ఇంకా ఏడెనిమిది లీటర్ల చోటుంటుంది. లీటరుకు 9 కి.మీ. ఇచ్చే బండికి 8 లీటర్లంటే 72 కి.మీ., తిరుపతి నుంచి తలకోన పోయేంత. బంకు మార్చడం, నాజిల్ తిప్పి పట్టడం, గేజి ఫ్లోటు మార్చడం, ఏదీ పనిచేయలేదు.

తేడా బ్రీదర్ పైపులో ఉంది. ట్యాంకు పైనుంచి ఫిల్లర్ మెడకు (డీజిల్ పోసే గొట్టానికి) వెళ్లే సన్న పైపు అది. గాలి దాంట్లోంచి బయటికి రాకపోతే డీజిల్ మెడలోకి ఎగదన్ని నాజిల్ కొనను ముంచేస్తుంది, వెంటనే కట్.

ట్యాంకు పావుకంటే తక్కువున్నప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసి, ఫిల్లర్ వైపు వెనక చక్రం, దాని పైనుండే లైనర్ (బురద తగలకుండా ఉండే కవరు) విప్పాలి. క్లాంపులు వదులు చేసి పైపు పూర్తిగా బయటికి లాగాలి. తగిలించి ఉండగా శుభ్రం చేద్దామని గాలి కొడితే మట్టంతా ట్యాంకులోకే పోతుంది. మా పైపు ఛాసిస్ అంచున నొక్కుకుపోయింది. ఆ మడతలో ఎర్రమట్టి గడ్డకట్టి ఉంది. అదే లోపలి వ్యాసమున్న డీజిల్ హోసు వేసి, మెడ దాకా ఎక్కడా వేలాడకుండా పైకి ఏటవాలుగా కట్టాలి. గుట్టంతా ఇక్కడే: ఏ కొంచెం జారినా ఆ పల్లంలో డీజిల్ నిలిచి మళ్లీ గాలికి అడ్డం పడుతుంది.

మెడలోపల తుప్పు పట్టిన బండ్లకు ఇది సరిపోకపోవచ్చు. నాజిల్ ఆగాక మాత్రం అంచుదాకా కొట్టించొద్దు. 20 డిగ్రీలు వేడెక్కితే 60 లీటర్ల డీజిల్ సుమారు లీటరు ఉబ్బుతుంది. పెట్రోల్ బండైతే మెకానిక్కుకే వదిలేయండి.