ఎడిటింగ్‌లో ఇరుక్కుపోయిన జూనియర్ల కోసం: ఏ సమస్యకి ఏం చేయాలి

సెమిస్టర్ ఎండింగ్‌లో మీడియా ప్రాజెక్టులు పడగానే మా జూనియర్లు రాత్రి పదింటికి లాప్‌టాప్ పట్టుకుని రూముకొచ్చేస్తారు, అన్నా సాఫ్ట్‌వేర్ పాడైందన్నా అంటూ. తీరా చూస్తే సాఫ్ట్‌వేర్‌కి ఏమీ కాదు, చాలావరకు గడబిడ షూటింగ్ రోజే అయిపోయి ఉంటది, మనకి టైమ్‌లైన్ మీద కనపడుతది అంతే. ఎక్కువగా వచ్చేవి రాస్తున్నా.

"అన్నా, మొదట్లో లిప్ సింక్ కరెక్టే, పోనుపోను మాట ఒక దిక్కు మూతి ఒక దిక్కు"

మొన్న ఒక టీమ్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే ఆయన్ని ఇంటర్వ్యూ చేసింది, వీడియో ఒక ఫోన్లో, కాలర్ మైక్ ఇంకో ఫోన్లో. ముందు ఒకటి చూసుకోండి: తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందా, పెరుగుతూ పోతోందా? ఒకేలా ఉంటే ఆడియోని పక్కకి జరిపితే అయిపోయింది. పెరుగుతోందంటే మాత్రం దాదాపు ఎప్పుడూ ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలు తీస్తుందో ఆ లెక్క) గొడవే. ఫోన్లు సెకనుకి 30 ఫ్రేములు అని చెప్తాయి గానీ వెలుతురు తగ్గితే తగ్గించేస్తాయి, దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏమో అన్నీ సమానంగా ఉన్నాయనుకుని లెక్కేసుకుంటుంది. ఫైల్‌ని మీడియాఇన్ఫో అనే, ఫైల్ వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్ ఫ్రీగా దొరుకుతుంది, అందులో వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి 30కి మార్చుకుని, ఆ కొత్త ఫైల్‌నే ఇంపోర్ట్ చేయండి. ఎడిటింగ్ సగం అయ్యాక తెలిసిందనుకోండి, ఆయన ఊపిరి తీసుకునే చోటల్లా ఆడియో కట్ చేసి కొంచెం కొంచెం జరుపుకోవాల్సిందే, విసుగు పని. ఈసారి షూట్‌లో మొదట్లో ఒక చప్పట, చివర్లో ఒక చప్పట కొట్టించండి, వీడియో ఆడియో కలిపి చూసుకోడానికి గుర్తుగా ఉంటది.

"షాపులో తీసినవాటిల్లో అడ్డంగా నల్ల గీతలు పాకుతున్నయ్"

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చాలా ట్యూబ్‌లైట్లు, చీప్ ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి, మన కంటికి తెలీదు, ఫోన్‌కి తెలుస్తది. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షటర్ స్పీడ్ 1/50 గానీ 1/100 గానీ పెడితే గీతలు పోతాయి. లాడ్ బజార్‌లో గాజుల షాపుల్లో తీసేవాళ్లు ఇది మర్చిపోవద్దు, అక్కడ ప్రతి అద్దం వెనకా లైటే. తీసేశాక అయితే పూర్తి మందు లేదు: అదే క్లిప్‌ని పై ట్రాక్‌లో ఇంకోసారి వేసి ఒక్క ఫ్రేమ్ జరిపి ఒపాసిటీ (పై క్లిప్ ఎంత కనపడాలో అది) 50 శాతం చేస్తే కొంత తగ్గుతుంది, బొమ్మ కాస్త మసకవుతుంది.

"ఒత్తులు విడిపోతున్నయ్"

టైటిల్‌లో పుస్తకాలు అని కొడితే పుస్‌తకాలు అని వస్తోందా? అడోబీ ప్రీమియర్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్‌కి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్ సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ పెట్టండి, మార్చాక కొత్త టెక్స్ట్ లేయర్ తీసుకుని మళ్లీ కొట్టండి. ఒత్తులు కాదు, మొత్తం పిచ్చి గుర్తులే వస్తున్నాయంటే అది డీటీపీ షాపులో అనూ ఫాంట్‌లో (యూనికోడ్ కాని పాత పద్ధతి) కొట్టించిన మేటర్ అయ్యుంటది. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసుకుని గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర లాంటివి వాడుకోండి.

"మీడియా ఆఫ్‌లైన్ అంటోంది"

పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా లాగి ఎడిట్ చేశారు, ఇప్పుడా పెన్‌డ్రైవ్ ఫ్రెండ్ జేబులో ఉంది. తెచ్చి రీలింక్ కొట్టి, ఫైల్ ఎక్కడుందో మళ్లీ చూపించండి. ఇకమీద ముందు అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేశాకే ఇంపోర్ట్. ప్లే చేస్తుంటే ఆగి ఆగి నడుస్తోందా, 4కె ఫుటేజీకి ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి మాత్రమే వాడే చిన్న సైజు కాపీలు) చేసుకోండి, కొత్త లాప్‌టాప్ కోసం సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పరుగెత్తకండి.

"అన్నీ కరెక్టే అన్నా, కానీ బోర్ కొడుతోంది"

నిజంగా ఎడిటింగ్ నేర్చుకునేది ఇక్కడే. ఆ పుస్తకాలాయన టీమ్ ఫస్ట్ కట్‌లో మనిషి కనబడతాడు, మాట్లాడతాడు, కట్, మళ్లీ మాట్లాడతాడు, పద్నాలుగు నిమిషాలు. ఎంత కష్టపడి తీశామో అన్న ప్రేమతో ఏదీ తీసెయ్యలేకపోయారు. నేను చేయించింది ఇది: ముందు కళ్లు మూసుకుని ఒట్టి మాటలు విని, చెప్పిందే మళ్లీ చెప్పినవన్నీ కోసేయండి అని చెప్పాను, ఆరు నిమిషాలకొచ్చింది. తర్వాత ఫుటేజీ వెతికితే ఆయన లుంగీ అంచుతో ఒక డిక్షనరీ మీద దుమ్ము తుడిచే షాట్ దొరికింది, వాళ్లు పనికిరాదని పక్కన పడేసిందే. దాని మీద ఆయన మాటని ఒక సెకను ముందే మొదలుపెట్టి, మొహం తర్వాత చూపించాం, దీన్ని జె కట్ అంటారు. కోసిన చోట్ల ఆటోల శబ్దం టక్కున ఆగిపోతుంటే అదే ఫుట్‌పాత్ మీద ఎవరూ మాట్లాడని అర నిమిషం సౌండ్ కింద పరిచాం. ఇలా మాటల్లేని ఉత్త చప్పుడునే రూమ్ టోన్ అంటారు, అది రికార్డ్ చేయడం ఎప్పుడూ ఎవరికీ గుర్తుండదు, వీళ్లకి అదృష్టం, కెమెరా ఆపడం మర్చిపోయారు.

ఎక్స్‌పోర్ట్‌కి 1080పీ, 30 ఫ్రేములైతే బిట్‌రేట్ 8 ఎంబీపీఎస్ (సెకనుకి 8 మెగాబిట్లు) చాలు, నిమిషానికి దగ్గర దగ్గర 60 ఎంబీ వస్తది. సార్‌కి వాట్సాప్‌లో మామూలు వీడియోలా పంపితే నలిపేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.