పండుమిరపకాయ పచ్చడి: ముద్ద జాడీలో ఉంటే ఏడాది వంటకు ఢోకా లేదు

సంక్రాంతి వెళ్లిన వారానికి నేను అటక మీది జాడీ దింపి, కడిగి, డాబా మీద బోర్లించి ఎండబెడతాను. పచ్చడికి పనికొచ్చే పండుమిరపకాయలు గుంటూరులో అప్పటి నుంచి శివరాత్రి దాకా బాగా దొరుకుతాయి. తర్వాత వచ్చేవి ఎండుకాయకు సరిపోతాయి గానీ పచ్చడికి కండ చాలదు. అందుకే ఈ రోజుల్లో ఒక ఆదివారం ఏ పనీ పెట్టుకోను. జాకెట్లు కుట్టించుకునేవాళ్లకు కూడా ముందే చెప్పేస్తాను.

పోయిన ఏడాది మా పై పోర్షన్‌లోకి కొత్తగా పెళ్లయిన జంట అద్దెకు వచ్చారు. ఒకరోజు ఆ అమ్మాయి చేతిలో సీసాతో కిందికి దిగింది. "ఆంటీ, వీడియో చూసి పెట్టాను. పదిరోజులకే బూజు పట్టింది" అంది, కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. కిలో కాయలు, పావుకిలో చింతపండు, అంత కష్టం, అన్నీ పోయాయి. ఆ అమ్మాయి చేసిన తప్పు ఒక్కటే, చింతపండును వేడినీళ్లలో నానబెట్టి రుబ్బింది. ఈ పచ్చడిలోకి బయటి నీటిచుక్క వెళ్లకూడదు. ఆ రోజు ఆమెకు కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు కాయల సంగతి. మా అమ్మ దాదాపు ముప్పై ఏళ్లు మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లింది. సాయంత్రం ఇంటికొస్తే చీర కొంగు దులిపినా చాలు, మేం పిల్లలం తుమ్ములు మొదలుపెట్టేవాళ్లం. కాయను చూడటం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. తొడిమ పచ్చగా ఉండాలి. వేలితో నొక్కితే కాయ గట్టిగా, బిగువుగా తగలాలి. ఎరుపు చివరిదాకా ఒకేలా ఉండాలి. ఒక పక్క తెల్లబారినవాటిని మా వైపు తాలుకాయలు అంటారు, అవి ఒక్కటి కూడా వద్దు. తొడిమ దగ్గర నల్లమచ్చ ఉంటే లోపల కుళ్లు మొదలైనట్టే. మొదటి కోత, రెండో కోత కాయల్లో కండ ఎక్కువ. తేజ రకం సన్నగా, పొట్టిగా, ఘాటుగా ఉంటుంది. అది కారానికి గొప్పదే, కానీ పచ్చడికి తోలు మందంగా ఉన్న పొడుగు రకమే తీసుకోండి. నేను పొద్దున్నే కొల్లి శారద మార్కెట్‌కు వెళ్తాను. నీళ్లు చల్లి పెట్టిన కుప్ప జోలికి పోను.

ఇంత ఊరు, ఇంత మిర్చి యార్డు, లారీల కొద్దీ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి మిరపకాయ ఎప్పటి నుంచో మనదే అనుకునేదాన్ని. కాదు. అది అమెరికా ఖండాల పంట. 1492లో కొలంబస్ అక్కడికి వెళ్లాకే ఆ పంట గురించి మిగతా ప్రపంచానికి తెలిసింది. ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లో మన పడమటి తీరానికి చేరింది. ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండవీట్లో కోట కట్టి ఏలిన రెడ్డిరాజుల పాలన 1424 నాటికే ముగిసింది. అంటే వాళ్లెవరూ మిరపకాయ కొరికి ఎరగరు. వాళ్ల వంటల్లో కారం అంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు. మిరప అన్న మాటలో మిరియం ఇంకా వినిపిస్తూనే ఉంది. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కన్నడంలో మెణసు, మెణసినకాయి కూడా అంతే. కొత్తగా వచ్చిన కాయకు ముగ్గురమూ పాత కారం పేరే పెట్టుకున్నాం.

ఆవకాయను చూడండి. అందులో కారం అంత పోస్తాం, అయినా పేరు ఆవపిండిదే. నేను బట్టలు కుట్టే ఒక ఇంట్లో పెద్దావిడ చెప్పారు, వాళ్ల తద్దినం వంటలో మిరపకాయ పడదట, మిరియాలే వేస్తారట. పాత అలవాటు పొయ్యి దగ్గర అలా నిలిచిపోయింది. ఈ మాట విన్నప్పటి నుంచి పచ్చడి పెట్టేటప్పుడు నాకు జాడీలోని ఒక్కొక్క వస్తువు మీద గౌరవం పెరిగింది. కాయ దూరం నుంచి వచ్చింది, దాన్ని ఏడాదిపాటు నిలబెట్టే ఉప్పూ పులుపూ మెంతీ మాత్రం అంతకుముందే మన వంటింట్లో ఉన్నాయి.

కొలతలు ఇవి. తొడిమలు తీసిన పండుమిరపకాయలు కిలో, గింజ, ఈనె తీసిన చింతపండు పావుకిలో, కల్లుప్పు పావుకిలో, పసుపు రెండు చెంచాలు, మెంతులు పాతిక గ్రాములు, వెల్లుల్లి వంద గ్రాములు. కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది, పచ్చడి రంగు బాగుంటుంది. పాతదైతే నల్లబడుతుంది, రుచిలో తేడా ఏమీ రాదు. ఉప్పు మాత్రం కల్లుప్పే. చినగంజాం వైపు ఉప్పుమడుల్లో పండే ఉప్పు మాకు దగ్గరే కాబట్టి అమ్మ ఎప్పుడూ అదే వాడేది, నేనూ అంతే. ఉప్పు ఎక్కువనిపించి తగ్గించకండి. కాయలోని నీటిని బయటికి లాగి, పచ్చడిని చెడకుండా కాపాడేది అదే. చింతపండు పులుపు దానికి తోడు. పచ్చడిలో ఉప్పు తక్కువైతే రుచి సరిచేయవచ్చు, బూజును సరిచేయలేం.

శనివారం రాత్రి కాయల్ని తొడిమలతోనే కడగాలి. తొడిమ తీసి కడిగితే ఆ కన్నంలోంచి నీళ్లు లోపలికి పోతాయి. కడిగాక పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, పాత నూలు చీర పరిచి, ఫ్యాను కింద రాత్రంతా ఆరబెట్టండి. ఎండలో పెట్టవద్దు, తోలు వడలిపోతుంది. ఆదివారం పొద్దున తొడిమలు తీయండి. ముందు చేతులకు నూనె రాసుకోండి. మిరప మంట నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. చెయ్యి మండినప్పుడు నీళ్ల కింద పెట్టడం వల్లే చాలామంది ఇంకా అవస్థ పడతారు. నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడిగితే చాలావరకు తగ్గుతుంది. ఘాటు గింజల్లో ఉంటుందని అంటారు గానీ, అది నిజానికి గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో ఉంటుంది. కారం తట్టుకోలేనివాళ్లు సగం కాయల్ని చీల్చి ఆ పొర గీకేయవచ్చు.

తర్వాత కాయల్ని రెండుమూడు ముక్కలుగా తుంచి, ఉప్పు, పసుపు వేసి రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. రోలు లేకపోతే మిక్సీలో కొద్దికొద్దిగా వేసి, ఆపి ఆపి తిప్పండి. ఏకధాటిగా తిప్పితే గిన్నె వేడెక్కి పచ్చడి రంగు, వాసన రెండూ దిగిపోతాయి. మెత్తగా కాకూడదు, ముక్క కనబడాలి. దంచినదాంట్లో సగం జాడీలో వేసి, మధ్యలో చింతపండును విడదీసి పరిచి, మిగతా సగం పైన కప్పండి. చేత్తో అదిమి, మూత పెట్టి, గుడ్డతో వాసెన కట్టి మూడు రోజులు వదిలేయండి. స్టీలు, అల్యూమినియం డబ్బాలు వద్దు. ఉప్పు, పులుపు లోహాన్ని తినేస్తాయి.

ఈ మూడు రోజుల్లో కాయలోంచి ఊట దిగుతుంది, చింతపండు ఆ ఊటలోనే నానుతుంది. ఈ పచ్చడి కిటుకంతా ఇక్కడే ఉంది. పై పోర్షన్ అమ్మాయి చూసిన వీడియోలో ఈ మూడు రోజులూ లేవు, తొందరలో వేడినీళ్లతో కానిచ్చారు.

మూడు రోజులూ గడిచాక మూత తీస్తే పుల్లటి, ఘాటైన వాసన ఒక్కసారి వస్తుంది. చింతపండు మెత్తగా, ఎర్రగా అయి ఉంటుంది. మెంతుల్ని సన్నసెగ మీద రంగు మారేదాకా వేయించి, చల్లారాక పొడి కొట్టండి. నల్లబడితే చేదు వస్తుంది, అవి పారేసి మళ్లీ వేయించుకోవడమే మేలు. జాడీలోది మొత్తం తీసి, మెంతిపొడి, ఒలిచిన వెల్లుల్లి కలిపి రుబ్బండి. వెన్నలా చేయవద్దు, నాలుక్కి పలుకు తగలాలి. మళ్లీ జాడీలోకి ఎత్తి, పైన సమంగా అదిమి, వేలు మందాన పప్పునూనె పోయండి. నువ్వులనూనెను మేము పప్పునూనె అంటాం. గాలి తగలకుండా ఆ నూనె కాపలా కాస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జాడీ మొత్తానికి ఒకేసారి తిరగమోత పెట్టకండి. చాలామంది చేసే పని ఇదే. పోపు పెట్టిన పచ్చడి రెండు వారాలు ఘుమఘుమలాడి ఆ తర్వాత పాతబడుతుంది, పైగా అన్నంలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. తిరగమోత పెట్టని పచ్చిముద్ద అయితే ఏడాదంతా వంటకు అందివస్తుంది. పెద్ద జాడీలోంచి పదిహేను రోజులకోసారి పొడి గరిటెతో చిన్న సీసాలోకి తీసుకోండి. రోజూ తెరిచేది ఆ సీసానే.

అన్నంలోకి కావాల్సినప్పుడు రెండు చెంచాల పప్పునూనె కాచి, ఆవాలు, మినప్పప్పు, ఒక ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు వేసి, దించాక అందులో నాలుగు చెంచాల ముద్ద కలపండి. ముద్దపప్పు, నెయ్యి పక్కన ఉంటే ఇంకేం అక్కర్లేదు. ఇది అందరికీ తెలిసిందే. నేను ఎక్కువగా వాడేది వేరే చోట్ల.

గోంగూర రెండు కట్టలు నూనెలో మగ్గబెట్టి, చల్లారాక ఒక చెంచా ముద్ద వేసి రోట్లో నూరి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు కలపండి. రెండు పులుపులు కలిసినా ఒకదాన్నొకటి మింగవు, గోంగూర పులుపు ముందు తగులుతుంది, చింతపండుది ఆఖర్న వస్తుంది. గుత్తివంకాయ కూరినప్పుడు వేరుశనగపప్పు, నువ్వులపొడిలో కారానికి బదులు ఈ ముద్ద వేస్తే విడిగా ఉప్పు, చింతపండు అక్కర్లేదు. రుచి చూసి మాత్రమే వేయండి. వేరుశనగ కూడా మిరపలాగే అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. అది కూడా ఇప్పుడు మనకు ఇంటి సరుకు అయిపోయింది.

దోసె పెనం మీద ఉండగానే ముద్దను చెంచా వీపుతో పల్చగా రాసి, సన్నగా తరిగిన ఉల్లిపాయ చల్లితే కారం దోసె. పెసరట్టుకైతే అల్లం కూడా కావాలి. చేపల పులుసులో సగం కారం తగ్గించి ఒక చెంచా ముద్ద వేయండి, చివర్లో కాదు, ఉల్లిపాయ వేగుతుండగానే. పచ్చివాసన పోయి నూనె తేలాక పులుసు పోయాలి. గడ్డపెరుగులో అరచెంచా కలిపి పోపు పెడితే ఎండాకాలం రాత్రికి కూర చేయనక్కర్లేదు. పెరుగు మంటను తగ్గిస్తుంది కాబట్టి పిల్లలకు ఈ పచ్చడి అలవాటు చేయడానికి కూడా అదే మంచి దారి. మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు చద్దన్నం, పెరుగు, ఈ ముద్ద నంజుకోవడానికి తప్ప పొద్దున ఇంకేం అడగడు.

రెండు జాగ్రత్తలు. వానాకాలం మొదలవుతూనే జాడీ తెరిచి చూడండి. పైన నూనె తగ్గితే కాచి చల్లార్చిన నూనె పోయండి. తెల్లగానో పచ్చగానో బూజు కనబడితే పైపైన తీసేసి మిగతాది వాడటం వద్దు, మొత్తం పారేయండి. నా చేతిలోనూ ఒక ఏడాది అలా పోయింది, తడి గరిటె పెట్టడం వల్ల. మనసుకు కష్టంగానే ఉంటుంది, అయినా పారేయాల్సిందే. రంగు కొద్దిగా ముదరడం మాత్రం సహజం, దానికి టెన్షన్ పడకండి.

ఆదివారం దంచిపెడితే బుధవారం రుబ్బుతారు. ఆ మధ్యాహ్నానికి కూర వండకండి. ముద్ద ఎత్తేశాక రోలు గోడలకో మిక్సీ గిన్నెకో కొద్దిగా అంటుకుని ఉంటుంది. కడగకుండా అందులోనే పొగలు కక్కే అన్నం వేసి, పప్పునూనె పోసి, గిన్నె తుడిచినట్టు కలపండి. మా అమ్మ ఆ అన్నాన్ని ముద్దలు చేసి మా ముగ్గురి చేతుల్లో పెట్టి, ఆఖరి ముద్ద తాను తినేది. పై పోర్షన్ అమ్మాయి ఈ ఏడాది నాతోపాటే పెట్టింది. ఆ రోజు రోటి చుట్టూ నలుగురం కూర్చున్నాం.