నెట్‌వర్క్ ఉద్యోగులకు జీవిత బీమా – 3వ పాఠం: ప్రపోజల్ ఫారం మీరే నింపండి

పోయిన పాఠంలో ఎంతకు పాలసీ కావాలో లెక్క వేసుకున్నాం. కంపెనీ ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగం మానేస్తే పోతుందని, పీఎఫ్ కట్ అవుతున్నవాళ్లకు దాంతోపాటే ఉండే ఈడీఎల్ఐ అనే బీమా కింద ఎక్కువలో ఎక్కువ 7 లక్షలే వస్తుందని చూశాం కాబట్టి, మిగతాది సొంత టర్మ్ పాలసీతోనే (గడువులోపు మనిషి పోతే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చే బీమా) పూడ్చుకోవాలి. ఆ లెక్క రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి. ఈరోజు ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మనం పెట్టే దరఖాస్తు. అన్ని పాఠాల్లోకీ నేను గట్టిగా పట్టుబట్టేది దీని గురించే.

మన తిరుపతిలో ఇది ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటాం, తెలిసిన ఏజెంటు ట్యాబ్ తీసి ఆధార్, పాన్ ఫోటోలు కొట్టి, "ఓటీపీ చెప్పండి సార్, మిగతాది నేను చూసుకుంటా" అంటాడు. టీ చల్లారేలోపు ఫారం వెళ్లిపోతుంది. ఎవరో రాసిచ్చిన కాన్ఫిగ్ చదవకుండా రౌటర్‌లో ఎక్కిస్తామా? ఎక్కించం. ఆ ఓటీపీ మీ సంతకం, ఫారంలో ఏం రాసినా మీరు చెప్పినట్టే లెక్క.

ముందు ఉద్యోగం కాలమ్ చూడండి. ఏజెంట్లు మామూలుగా "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్" అని కొట్టేస్తారు. ఎన్ఓసీలో (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ రూమ్) స్క్రీన్ల ముందు కూర్చునేవాళ్లకు దాంతో పెద్ద తేడా రాకపోవచ్చు. కానీ బ్రహ్మోత్సవాల ముందు లాడ్జీల మేడలెక్కి యాంటెన్నాలు బిగించేవాళ్లం, టవర్లు ఎక్కేవాళ్లం, ఫైబర్ తెగిందంటే అర్ధరాత్రి బైకేసుకుని చిత్తూరు దాకా పోయి స్ప్లైసింగ్ చేసి, అంటే తెగిన ఫైబర్ అతికించి వచ్చేవాళ్లం మనలో ఎంతమంది లేరు! అలాంటివాళ్లు ఇలా రాయాలి: "నెట్‌వర్క్ ఇంజనీర్. నెలకు నాలుగైదుసార్లు టవర్ ఎక్కే పని ఉంటుంది, ఎత్తు సుమారు 30 మీటర్లు." ప్రీమియం కొంచెం పెరగొచ్చు, పెరిగితే కట్టండి.

ఎందుకంటే బీమా చట్టం, 1938లో 45వ సెక్షన్ ఉంది. పాలసీ మొదలై 3 ఏళ్లు దాటాక ఏ కారణం చూపించీ దాన్ని ప్రశ్నించడానికి లేదు. ఆ 3 ఏళ్లలోపు మనిషి పోతే మాత్రం కంపెనీ ఫారం తిరగేస్తుంది, ముఖ్యమైన విషయం దాచారని తేలితే క్లెయిమ్ తిరస్కరించొచ్చు. మోసం కాదు, పొరపాటే అనుకున్నా ఇంట్లోవాళ్ల చేతికొచ్చేది కట్టిన ప్రీమియం మాత్రమే. ఇంకోటి, కిస్తీ ఆగి పాలసీ ల్యాప్స్ అయ్యాక (ఆగిపోయాక) మళ్లీ రివైవ్ చేయించుకుంటే, అంటే తిరిగి మొదలుపెట్టించుకుంటే ఆ 3 ఏళ్లు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతాయి.

ఇక ఆరోగ్యం ప్రశ్నలు. వీటిని చాలా కంపెనీలు ఫోన్లోనే అడుగుతాయి, కాల్ రికార్డవుతుంది. నాకు ఆ ఫోన్ నైట్ షిఫ్ట్ దిగి పడుకున్న రోజు పొద్దున 11కి వచ్చింది. మూసిన కళ్లు తెరవకుండా "లేదండీ, లేదండీ" అంటూ పోయాను. బీపీ మందులు వాడుతున్నారా అన్నా లేదండీ అనే చెప్పాను. సాయంత్రం లేచేసరికి తలగడ పక్కనే బీపీ మాత్రల స్ట్రిప్, సగం ఖాళీ అయిపోయి ఉంది. నా భార్య ఆ స్ట్రిప్ చూసుకుని కంపెనీతో పోట్లాడాల్సి వచ్చేదేమో అని గుండె జారిపోయింది. ఆ రాత్రే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచేయించాను, ప్రీమియం పెరిగింది, పాలసీ వచ్చింది. మీరు మాత్రం నిద్రలో ఉంటే "సాయంత్రం 6 తర్వాత చేయండి" అని చెప్పి పెట్టేయండి. సిగరెట్టు, గుట్కా, షుగర్, ఇదివరకు ఉన్న పాలసీలు, ఏదీ దాచొద్దు.

పాలసీతోపాటు మీరిచ్చిన ఫారం కాపీ కూడా వస్తుంది. చేతికందాక 30 రోజుల ఫ్రీ లుక్ గడువు ఉంటుంది, నచ్చకపోతే ఆ లోపు రద్దు చేసుకోవచ్చు. మెడికల్ ఖర్చు, స్టాంప్ డ్యూటీ, అన్నాళ్లు బీమా ఉన్నందుకు రిస్క్ ప్రీమియం పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. ఆ కాపీని ఒక్కో లైనూ చదవండి, తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా తెలపండి.

ఈ వారం పని: మీ ఉద్యోగం గురించి మూడు లైన్లు తెల్లకాగితం మీద రాయండి, ఎత్తు, కరెంటు, రాత్రి ప్రయాణం అన్నీ రావాలి. పాత పాలసీ ఉంటే దాని ఫారం కాపీ తీసి పక్కన పెట్టి పోల్చండి. తేడా కనిపిస్తే నాలుగో పాఠం కోసం ఆగకుండా ముందు కంపెనీకి మెయిల్ పెట్టండి. నామినీ సంగతి ఆ పాఠంలో చూద్దాం.