గిటార్ నేర్చుకుందాం - 5వ పాఠం: ముందు కూర్చోవడం కుదరాలి

ఈ వారం స్ట్రమ్మింగ్ (తీగలన్నీ ఒకేసారి లయగా మీటడం) మొదలుపెడదామని చెప్పాను. ఆపేశాను. పోయిన పాఠంలో జి కార్డ్ నుంచి సి కార్డ్‌కి (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించడం) మారడం ఇచ్చాక మీలో చాలామంది కష్టాలు రాశారు. అన్నీ దాదాపు ఒకటే. ఎడమ మణికట్టు లాగేస్తోంది. సి పట్టుకుంటే అన్నిటికంటే సన్నటి ఒకటో తీగ మోగకుండా టక్‌మని ఆగిపోతోంది. పది నిమిషాలయ్యేసరికి ఎడమ భుజం చెవి దాకా లేచిపోతోంది. ఒకరైతే తన వేళ్లు పొట్టివని, గిటార్ తనకు రాసిపెట్టి లేదని రాశారు. ఆ మాట చదివాక స్ట్రమ్మింగ్ గురించి రాయడానికి మనసు ఒప్పలేదు.

మీ వేళ్లకు ఏ లోటూ లేదు. మొదటి పాఠంలో నేను "హాయిగా కూర్చోండి" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయాను. ఎలా కూర్చుంటే హాయిగా ఉంటుందో చెప్పలేదు. ఈ-మైనర్ కార్డ్ దాకా ఆ లోటు తెలియలేదు. అందులో రెండు వేళ్లే, అవీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎలా కూర్చున్నా పలుకుతుంది. సి అలా కాదు. ఉంగరపు వేలు ఐదో తీగ మీద మూడో ఫ్రెట్‌కి (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు గీతలే ఫ్రెట్లు) వెళ్లాలి, చూపుడు వేలు రెండో తీగ మీద మొదటి ఫ్రెట్ దగ్గరే నిలబడాలి. చేయి వేరే పనిలో ఇరుక్కుని ఉంటే వేళ్లు అలా విడివడవు.

ఆ వేరే పని గిటార్‌ని మోయడం. ఇప్పుడే చూసుకోండి. ఎప్పటిలా కూర్చుని జి పట్టుకోండి. ఎడమ చేయి తీసి మోకాలి మీద పెట్టండి. నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి కాడ) కిందికి జారిందా? అయితే ఇన్నాళ్లూ మీ ఎడమ చేయి బరువు మోస్తూ, మిగిలిన బలంతో కార్డ్ నొక్కుతోందన్నమాట. గిటార్‌ని ఆపి ఉంచాల్సింది తొడ, ఛాతీ, కుడి ముంజేయి. ఆ మూడూ తమ పని చేస్తే ఎడమ చేతికి తీగలు నొక్కడం ఒక్కటే మిగులుతుంది.

కుర్చీ సంగతి త్వరగా చెప్పేస్తాను. చేతులు లేని కుర్చీ కావాలి, పాదాలు రెండూ నేలకు ఆనాలి, వెనక్కి వాలకుండా కుర్చీ ముందు సగంలో కూర్చోవాలి. సోఫా, మంచం వద్దు. ఇంట్లో ఉన్నవన్నీ చేతుల ప్లాస్టిక్ కుర్చీలే అయితే స్టూల్ వాడండి. ఎడమ చేతివాటం వాళ్లు, గిటార్ కూడా ఎడమచేతిదే అయితే, ఈ పాఠంలో కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

గిటార్‌కి నడుములాంటి వంపు ఉంది కదా, అది తొడ మీద కూర్చోవాలి. ఏ తొడ అన్నది మీ ఇష్టం. అకౌస్టిక్ వాయించేవాళ్లలో ఎక్కువమంది కుడి తొడ మీద పెట్టుకుంటారు. నాకు మాత్రం ఎడమ తొడే ఇష్టం, నా దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ మొదట అదే చెబుతాను. ఎడమ పాదం కింద ఎత్తు పెడితే గిటార్ శరీరం మధ్యకు వస్తుంది, నెక్ దానంతటదే పైకి లేస్తుంది, మొదటి ఫ్రెట్ చేతికి దగ్గరవుతుంది. క్లాసికల్ గిటార్ వాళ్ల పద్ధతి ఇదే. స్పెయిన్‌కి చెందిన గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తార్రేగా (1852-1909) తర్వాత ఇది బాగా స్థిరపడింది. అంతకు ముందు తరంలో అక్కడి గిటార్ విద్వాంసుడే డియోనిసియో అగ్వాదో గిటార్‌ని నిలబెట్టడానికి మూడు కాళ్ల స్టాండే తయారుచేసుకున్నాడు. కూర్చోవడం కుదరక తిప్పలు పడుతున్నది మనమొక్కరమే కాదు.

పాదం కింద పెట్టడానికి షాపులో మడిచే ఫుట్‌స్టూల్ దొరుకుతుంది. నేను కొనలేదు. మా ఇంట్లో భోజనాలకు వాడే చెక్క పీటే నా ఫుట్‌స్టూల్. ఎత్తు బెత్తెడున్నర ఉంటుంది, దాదాపు 11 సెంటీమీటర్లు. అది చాలు. కొందరికి 15 సెంటీమీటర్ల దాకా కావాలి. మోకాలు తుంటి కంటే కొంచెం పైకి రావాలి తప్ప నడుము వెనక్కి గూను తిరగకూడదు. నడుము వంగుతోందంటే పీట ఎత్తు ఎక్కువైనట్టే.

మీలో చాలామంది దగ్గరున్నది పెద్ద డ్రెడ్‌నాట్ గిటార్. 1906లో బ్రిటన్ నౌకాదళంలోకి వచ్చిన యుద్ధనౌక పేరు అది. అమెరికాలో మార్టిన్ కంపెనీ 1916లో ఈ ఆకారాన్ని తెచ్చింది. వెడల్పైన చోట దాదాపు 40 సెంటీమీటర్లు ఉంటుంది, కాబట్టి పొట్టివాళ్లకూ పిల్లలకూ కుడి భుజం పైకి లేచిపోతుంది. మోచేతిని గిటార్ అంచు దాటించకుండా, ముంజేయి మధ్యభాగాన్ని ఆ అంచు మీద వాల్చండి. ప్యాంటు మీద గిటార్ జారుతుంటే వంటింటి షెల్ఫుల్లో పరిచే జారని మ్యాట్ ముక్క ఒకటి తొడ మీద వేసుకోండి. వాయించడం అయ్యాక తీసేయండి, గిటార్‌కి ఆనించి వదిలేస్తే పాలిష్ పాడవచ్చు.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టే అలవాటు. వేళ్లు కనపడాలని గిటార్ ముఖాన్ని ఆకాశం వైపు తిప్పుకోవడం. కొత్తవాళ్లు దాదాపు అందరూ చేస్తారు. కార్డ్ బొమ్మ చూసి వేళ్లు పెట్టాలి కదా, తీగలు కనపడకపోతే టెన్షన్. అందుకని గిటార్‌ని ఒళ్లో పళ్లెంలా పడుకోబెట్టేస్తారు. తీగలన్నీ చక్కగా కనిపిస్తాయి. మణికట్టు మాత్రం అక్కడే చిక్కుకుంటుంది.

ఎందుకో మీ చేతితోనే తెలుసుకోండి. గిటార్ పక్కన పెట్టండి. ఎడమ చేయి చాపి, అరచేయి ముంజేతి వైపు వచ్చేలా మణికట్టుని పూర్తిగా లోపలికి వంచండి. అలాగే ఉంచి పిడికిలి బిగించండి. బిగుసుకోదు, వేళ్లు సగంలో ఆగిపోతాయి. ఇప్పుడు మణికట్టు నిటారుగా పెట్టి బిగించండి. బలం మొత్తం వచ్చేసింది. గిటార్ ముఖం పైకి తిరిగినప్పుడు ఐదో తీగను, ఆరో తీగను అందుకోవడానికి చేయి నెక్ కింద నుంచి ముందుకు పొడుచుకురావాలి, మణికట్టు ఆ మొదటి పద్ధతిలో వంగిపోతుంది. వేళ్లకు బలం ఉండదు, కొనలతో నిలబడలేక తీగల మీద పడుకుంటాయి. రెండో తీగ మీదున్న చూపుడు వేలు ఒకటో తీగకు తగులుతుంది. మీరు రాసిన "టక్" అదే. జి లో చిటికెన వేలు చాలడం లేదన్నవాళ్లకీ సగం కారణం ఇదే.

మరి చూడకుండా ఎలా? నెక్ పై అంచున, మీ ముఖం వైపు, చిన్న చుక్కలు ఉంటాయి. 3, 5, 7, 9, 12 ఫ్రెట్ల దగ్గర. వాటిని పెట్టింది మీకోసమే. కొన్ని గిటార్లకు ఉండవు, అప్పుడు తెల్ల నెయిల్ పాలిష్‌తో మూడో ఫ్రెట్ దగ్గర ఒక చుక్క పెట్టుకోండి. సరిగ్గా కూర్చుని కిందికి చూస్తే ఆ చుక్కలు, లావుపాటి ఆరో తీగ కనిపించాలి. మిగతా తీగలు దాని వెనక దాక్కోవాలి. అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయంటే గిటార్ పడుకుంది. మరీ చూడాలనిపిస్తే తల ముందుకు వంచి ఒక్కసారి చూసి వెనక్కి రండి, గిటార్‌ని మాత్రం కదపకండి. ఇంకొకటి: నెక్‌ని ఛాతీకి సమాంతరంగా అణచిపెట్టకుండా కొంచెం ముందుకు వదలండి, అప్పుడే ఎడమ మోచేయి ఖాళీగా వేలాడుతుంది.

నేల మీద కూర్చోవచ్చా అని అడిగారు. వీణ వాళ్లు కూర్చుంటారు కదా అని. వీణ కుండ నేల మీద ఆనుతుంది, బుర్ర ఎడమ తొడ మీద ఉంటుంది. వాద్యమే నేలకు తగ్గట్టు పుట్టింది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ బాసింపట్టు వేసుకునే కచేరీలు చేశారు. కానీ మాండొలిన్ తీగ పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు, గిటార్‌ది 65. బాసింపట్టులో తొడ కిందికి దిగిపోయి గిటార్ నెక్ కూడా దిగుతుంది. ఈ నెల మాత్రం కుర్చీ మీదే.

సాధన ఏడు రోజులు, రోజుకి అరగంట. మొదటి మూడు రోజులు కార్డులే లేవు. గిటార్ పట్టుకుని లేవడం, కూర్చోవడం ఇరవై సార్లు. కూర్చున్న ప్రతిసారీ ఎడమ చేయి మోకాలి మీద పెట్టి పది అంకెలు లెక్కపెట్టండి, నెక్ కదలకూడదు. తర్వాత ఎడమ చేయి మోకాలి మీదే ఉంచి ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా ఉత్త తీగలు మీటండి, పది నిమిషాలు. విసుగొస్తుంది, అయినా చేయండి. నాలుగో రోజు నుంచి కళ్లు మూసుకుని జి, సి మార్పులు యాభై. తప్పులు పడినా కళ్లు తెరవొద్దు. నొప్పిగానీ తిమ్మిరిగానీ వస్తే ఆపేయండి, మర్నాటికీ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

నాలుగో రోజు ఫోన్‌ని ఎదురుగా, గిటార్ ఎత్తులో నిలబెట్టి ఒక ఫొటో తీయించుకోండి, కుడి చేతి వేళ్లు సౌండ్‌హోల్‌కి అడ్డం రాకుండా. ఆ రంధ్రం పైనుంచి నొక్కినట్టు కోడిగుడ్డులా కనిపిస్తే ముఖం ఇంకా పైకే తిరిగి ఉంది, మొదటి రోజుకి వెళ్లండి. గుండ్రంగా కనిపించినవాళ్లు ఆరో పాఠానికి పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) ఒకటి తెచ్చిపెట్టుకోండి.