& పక్కన బ్రాకెట్లు లేక బోరు మోటార్ కాలిపోయింది, మీ కోడ్ ఒకసారి చూసుకోండి

మొన్న మా మోటార్ కంట్రోల్ బోర్డు పెట్టిన ఒక పొలంలో బోరు మోటార్ మాడిపోయింది. కోడ్ మా టీమ్‌లో కుర్రాడు రాశాడు, రివ్యూలో ఓకే కొట్టింది నేనే, కాబట్టి తిట్టాలంటే ముందు నన్నే తిట్టాలి. బోర్లో నీళ్లు అయిపోతే మోటార్ ఆగాలి కదా, ఆగలేదు, రాత్రంతా ఉత్తినే తిరిగి కాయిల్ కాలిపోయింది. తప్పంతా ఈ ఒక్క లైన్లోనే:

ఇఫ్ (స్టేటస్ & 4 == 4)

స్టేటస్ అంటే బోర్డు స్థితి చెప్పే అంకె, అందులో ఒక్కో బిట్ ఒక్కో సమస్యకి గుర్తు. & అంటే రెండు అంకెల్లోనూ 1 ఉన్న బిట్లనే మిగిల్చేది. చదివితే బాగానే ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ సీ భాషలో & కన్నా == కి ప్రయారిటీ ఎక్కువ. ముందు 4 == 4 జరిగి 1 అవుతుంది, తర్వాత స్టేటస్ & 1. మనం అడిగింది 4 విలువున్న డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం) బిట్, అది చూసింది బిట్ 0, మా బోర్డులో అది లో వోల్టేజ్. టెస్టింగ్‌లో దొరకలేదా అంటే, మావాడు స్టేటస్‌కి 7 ఇచ్చాడు, ఆగింది, 0 ఇచ్చాడు, తిరిగింది, పాస్ అనేశాడు. పొలంలో వచ్చింది ఒట్టి 4. 4 & 1 అంటే సున్నా.

స్టేటస్ & 4 == 0 అని రాస్తే ఇంకా ఘోరం, 4 == 0 అబద్ధం కాబట్టి 0, దాంతో ఏది & చేసినా 0, ఆ ఇఫ్ లోపలికి జన్మలో వెళ్లదు. అసలు మోసం ఎక్కడంటే & 1 == 1 మాత్రం కరెక్ట్‌గానే పనిచేస్తుంది. కాలేజీలో సరిబేసి ప్రోగ్రాం అలా రాసి అలవాటైపోయి, అదే చేత్తో 4 రాసేస్తాం.

ఇది 1970ల నాటి పితలాటకం. సీకి ముందున్న బీ భాషలో && (రెండు షరతులూ నిజమేనా అని చూసేది) లేదు, ఇఫ్‌లో కూడా & నే వాడేవాళ్లు. తర్వాత && వచ్చినా, అప్పటికే రాసిన కోడ్ చెడిపోకూడదని సీ సృష్టికర్త డెన్నిస్ రిచీ & ప్రయారిటీని కదపలేదు. మనం ఇంకా అనుభవిస్తున్నాం.

అందుకే (స్టేటస్ & 4) == 4. బ్రాకెట్లు. | కైనా ^ కైనా ఇంతే, బ్రాకెట్లు. జీసీసీ కంపైలర్‌లో మైనస్ డబ్ల్యూ ఆల్ (-Wall) పెడితే దీనికి వార్నింగ్ అదే ఇస్తుంది. మాకూ ఇచ్చింది, మిగతా వార్నింగ్స్ గుంపులో ఎవడూ చదవలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

షిఫ్ట్‌లోనూ (బిట్లని పక్కకి జరపడం) బ్రాకెట్లే, 1 << ఎన్ + 1 లో ముందు కూడిక జరుగుతుంది.

32 బిట్ల వేరియబుల్‌ని 32 సార్లు షిఫ్ట్ చేయొద్దు, ఒక ప్రాసెసర్‌లో పాత విలువే వస్తుంది, ఇంకోదాంట్లో 0 వస్తుంది, స్టాండర్డ్ ఏ హామీ ఇవ్వదు.

బిట్లతో పని ఉంటే అన్‌సైన్డ్ (మైనస్ లేని) వేరియబులే వాడండి. 1 << 31 కాదు, 1యూ << 31.

8 బిట్ల వేరియబుల్‌లో 0 ఉంది, బిట్లన్నీ తిరగేసే ~ పెట్టి 255తో పోల్చారనుకోండి, సమానం కాదు, ఎందుకంటే ముందు అది ఇంట్ అయిపోయి -1 వస్తుంది.

బిట్ ఆపడానికి, బిట్‌ని తిరగేసే ^ వాడొద్దు, ఆల్రెడీ ఆగి ఉంటే మళ్లీ వెలుగుతుంది. & ~ వాడండి.

1 రాస్తే క్లియర్ అయ్యే ఫ్లాగ్ రిజిస్టర్ మీద |= (ఉన్నది చదివి, బిట్ కలిపి, తిరిగి రాసేది) వద్దు, పెండింగ్‌లో ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

మాక్రోలో మాస్క్ (ఏ బిట్లు చూడాలో చెప్పే అంకె) పెట్టారా, బ్రాకెట్లు.

7 ఇచ్చి పాస్ అనొద్దు. 1 ఇవ్వు, 2 ఇవ్వు, 4 ఇవ్వు, విడివిడిగా.